‘ఎక్కువసేపు’ అంటే ఎంతసేపు?

కారు లోపల శుభ్రం చేసేవేళ బ్యాటరీ గురించి మన పుస్తకాలు చెప్పేవీ, చెప్పనివీ

ఆయుధపూజ ముందు రోజు పుదుచ్చేరి ఇందిరా నగర్ వీధుల్లో నడిస్తే మీకు ఇంటింటా ఒకే దృశ్యం కనిపిస్తుంది. వాకిట్లో కారు ఉంటుంది. నాలుగు తలుపులూ బార్లా తెరిచి, డిక్కీ పైకెత్తి, మ్యాట్లు గోడమీద ఆరేసి, బకెట్టూ గుడ్డా పట్టుకుని ఇంటిల్లిపాదీ పనిలో ఉంటారు. కారులో పాటలు మోగుతూ ఉంటాయి. మర్నాడు పసుపు, కుంకుమ, పూలదండ, చక్రాల కింద నిమ్మకాయలు. ఆ నిమ్మకాయలు తొక్కించడానికి తాళం తిప్పితే కొన్ని ఇళ్ల ముందు ఇంజను లేవదు. ‘టక్ టక్ టక్’ మని చప్పుడు మాత్రం వస్తుంది. "సెల్ఫ్ తీసుకోవడం లేదు" అంటారు. పదిమంది చేరి తోస్తారు. పండుగ కాబట్టి నవ్వుకుంటారు.

2023 అక్టోబరులో మా వీధిలో ఒక ఇంటివారు నవ్వుకోలేకపోయారు. ఆ ఇంటి పెద్దాయన యానాంలో పుట్టి, ఉద్యోగరీత్యా పుదుచ్చేరి వచ్చి, ఇక్కడే ఇల్లు కట్టుకుని స్థిరపడ్డారు. నేను ఆయనను బాబాయిగారూ అని పిలుస్తాను. ఉదయమంతా మనవలతో కలిసి కారు కడిగారు. ఆ రాత్రి పిన్నిగారికి ఆయాసం ఎక్కువైంది. ఆసుపత్రికి తీసుకువెళదామని కారెక్కితే సెల్ఫ్ తీసుకోలేదు. ఆటో దొరికేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. పిన్నిగారు కోలుకున్నారు. కాని ఆ ఇరవై నిమిషాలు బాబాయిగారి మనసులోంచి పోలేదు. రెండు రోజుల తరువాత కారుతోపాటు ఇచ్చిన పుస్తకం పట్టుకుని మా ఇంటికి వచ్చారు.

"చూడు బాబూ, అంతా ఇందులో రాసే ఉందని మావాడు చూపించాడు. ఇంజను ఆపి ఉన్నప్పుడు కరెంటు సామాన్లు ఎక్కువసేపు వాడకూడదుట. నేను వాడింది ఎక్కువో తక్కువో నాకెలా తెలుస్తుంది? నువ్వు సైన్సు చదివావు, అనువాదాలు చేస్తావు. ‘ఎక్కువసేపు’ అంటే ఎంతసేపో చెప్పు" అన్నారు.

ఈ వ్యాసం ఆయన ప్రశ్నకు జవాబు, ఆ పుస్తకంలోని వాక్యం మీద విమర్శ కూడా. ఏ ఒక్క కంపెనీ పుస్తకాన్నో వేలెత్తి చూపడం నా ఉద్దేశం కాదు. నేను చూసిన వాహన పుస్తకాల్లో, పత్రికల మోటారు శీర్షికల్లో, మెకానిక్కులు చెప్పే చిట్కాల్లో ఇదే మాట మాటలు మార్చుకుని కనిపిస్తుంది.

ఒక వాక్యం, నాలుగు లోపాలు

"ఇంజను ఆగి ఉన్నప్పుడు విద్యుత్ పరికరాలను ఎక్కువసేపు వాడరాదు; బ్యాటరీ డిశ్చార్జి కావచ్చు." ఈ వాక్యంలో అబద్ధం లేదు. అయినా దీనివల్ల ఎవరికీ ఉపయోగం లేదు. ఎందుకో చూద్దాం.

మొదటి లోపం కొలత లేకపోవడం. డాక్టరు చీటీమీద "ఈ మందు కొద్దిగా పుచ్చుకోండి" అని రాస్తే మీరు ఊరుకుంటారా? ఎన్ని చెంచాలు, రోజుకు ఎన్నిసార్లు అని అడుగుతారు. బ్యాటరీ విషయంలో మాత్రం "ఎక్కువసేపు" అన్న మాటతో సరిపెట్టుకుంటున్నాం.

రెండవది కారణం చెప్పకపోవడం. ఏ పరికరం ఎంత విద్యుత్తు తాగుతుందో, బ్యాటరీ ఏ స్థితికి వస్తే ఇంజను లేవదో తెలియని పాఠకుడు చిన్నదానికి భయపడతాడు, పెద్దదాన్ని వదిలేస్తాడు. బాబాయిగారు అదే చేశారు. లోపలి లైటు ఆర్పాలని తాపత్రయపడి, తడిసిన కార్పెట్టు ఆరడానికి అరగంటసేపు బ్లోయరు తిప్పారు!

మూడవది అనువాదకుడిగా నన్ను బాధించేది. మన తెలుగులో ‘వచ్చు’ అనే మాట రెండు పనులు చేస్తుంది. "మీరు పాటలు వినవచ్చు" అంటే అనుమతి. "వాన రావచ్చు" అంటే సంభావ్యత. "బ్యాటరీ డిశ్చార్జి కావచ్చు" అన్నప్పుడు ఆ సంభావ్యత నూటికి ఒకటా, తొంభైయా? వాక్యం చెప్పదు. ‘వచ్చు’ చాటున రచయిత దాక్కుంటాడు. నేనూ ఎన్నోసార్లు అలా దాక్కున్నాను కాబట్టి ఆ చోటు నాకు బాగా తెలుసు.

నాలుగవది ఆ వాక్యం ఉన్న చోటు. నేను చూసిన పుస్తకాల్లో అది బ్యాటరీ అధ్యాయంలో ఉంటుంది. సీట్లు, కార్పెట్లు తుడిచే అధ్యాయం వేరే ఉంటుంది. అక్కడ సబ్బు నీళ్లెలా కలపాలో, పెట్రోలుతో ఎందుకు తుడవకూడదో ఉంటుంది కాని, తలుపులు గంటలకొద్దీ తెరిచి ఉంచుతారన్న ఊహే ఉండదు. బకెట్టు పట్టుకున్న మనిషి బ్యాటరీ అధ్యాయం తెరవడు కదా!

న్యాయంగా చెప్పాలంటే ఆ పుస్తకాల్లో మంచీ ఉంది. బ్యాటరీ తీగల్ని ఏ వరుసలో విప్పాలి, ఆమ్లం కంట్లో పడితే ఏం చేయాలి అన్నవి స్పష్టంగా, అంకెలు వేసి రాస్తారు. అంటే స్పష్టంగా రాయడం వారికి చేతకాక కాదు. ఒకే పుస్తకం కొత్త బ్యాటరీకీ పాతదానికీ, చలిదేశానికీ మన ఉక్కపోతకూ సరిపోవాలి కనుక అంకె వేయడానికి జంకుతారు. ఆ జంకు అర్థమవుతుంది. కాని అంకె వేయలేనప్పుడు లెక్క వేసుకునే పద్ధతైనా చెప్పవచ్చు. అది ఐదవ తరగతి గుణకారం కన్నా కష్టమేమీ కాదు.

కుండ పోలికతో వచ్చిన చిక్కు

ముందు బ్యాటరీ సంగతి. కార్లలో వాడే సీసపు బ్యాటరీని 1859లో ఫ్రెంచి శాస్త్రవేత్త గాస్టన్ ప్లాంటే తయారుచేశాడు. 1881లో కామిల్ ఫోర్ సీసపు పలకలకు ముద్ద పట్టించే పద్ధతి కనిపెట్టి, దాన్ని కర్మాగారంలో చేయదగిన వస్తువుగా మార్చాడు. మూలసూత్రం నేటికీ అదే. ఒక పలకమీద సీసం, ఇంకో పలకమీద సీసపు డయాక్సైడు, రెండింటి మధ్యా సజల గంధకికామ్లం. విద్యుత్తు ఇచ్చేటప్పుడు రెండు పలకలమీదా సీసపు సల్ఫేటు ఏర్పడుతుంది, ఆమ్లం పలచబడుతుంది. ఛార్జి చేస్తే ఈ చర్య వెనక్కి తిరుగుతుంది. ఒక్కో అరకు సుమారు 2.1 వోల్టులు; ఆరు అరలు కలిపితే నిండు బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తుంది. 12.2కు దిగితే సగం ఖాళీ అయినట్టు. 11.9 దగ్గరికి వస్తే దాదాపు అడుగంటినట్టే.

దీన్ని వివరించడానికి మన సైన్సు వ్యాసాల్లో నీళ్ల కుండ పోలిక తెస్తారు. కుండలో నీళ్లున్నాయి, కుళాయి తిప్పితే పోతాయి, మళ్లీ నింపాలి. నేనూ ఈ పోలిక వాడినవాణ్ణే. కాని కారు విషయంలో ఇది దారి తప్పిస్తుంది. ఎలాగో చూడండి.

చిన్న పెట్రోలు కారు సెల్ఫ్ మోటారు ఇంజన్ను తిప్పేటప్పుడు 150 ఆంపియర్లు తీసుకుంటుందనీ, మూడు సెకన్లలో ఇంజను లేస్తుందనీ అనుకుందాం. 150ని 3తో గుణిస్తే 450. గంటకు 3600 సెకన్లు కనుక, ఖర్చయింది 0.125 ఆంపియర్-గంట. చిన్న కార్లలో సాధారణంగా ఉండే బ్యాటరీ 35 ఆంపియర్-గంటలది. అంటే కుండ లెక్క ప్రకారం 280 సార్లు ఇంజను లేపవచ్చు! మరి అయిదారు ఆంపియర్-గంటలు పోయినంతమాత్రాన కారు ఎందుకు మొరాయించాలి?

ఎందుకంటే సెల్ఫ్ మోటారుకు కావలసింది నీళ్ల మొత్తం కాదు, ఒక్కసారిగా దూకే ఒరవడి. ఆ ఒరవడిని నిర్ణయించేది బ్యాటరీ అంతర్నిరోధం. మంచి బ్యాటరీలో అది ఓములో నూరోవంతు అనుకోండి. 150 ఆంపియర్లు లాగినప్పుడు లోపలే 1.5 వోల్టులు పోతాయి, 12.6లో ఇంకా 11.1 మిగులుతాయి. ఇంజను హాయిగా తిరుగుతుంది. పాతబడి, సగం ఖాళీ అయిన బ్యాటరీలో నిరోధం రెండున్నర రెట్లు పెరిగిందనుకోండి. లోపల పోయేది 3.75 వోల్టులు. 12.1లోంచి అది తీసేస్తే 8.35 మాత్రమే మిగులుతుంది. సెల్ఫ్ మోటారు బలంగా తిరగదు, ఇంజన్ను నడిపే కంప్యూటరు కూడా తడబడుతుంది. ‘టక్ టక్’ చప్పుడు రహస్యం ఇదే. విద్యుదయస్కాంతపు స్విచ్ మోటారును కలుపుతుంది; కలపగానే వోల్టేజి కూలుతుంది; స్విచ్ వదిలేస్తుంది; వదిలేయగానే వోల్టేజి లేస్తుంది; మళ్లీ కలుపుతుంది.

అందుకే లైట్లు వెలుగుతాయి, హారన్ మోగుతుంది, ఇంజను మాత్రం లేవదు. "లైట్లు బాగానే వెలుగుతున్నాయి, బ్యాటరీ బాగానే ఉంది" అన్న మాట ఎంత మోసమో ఇప్పుడు మీరే చెప్పగలరు. లైటుకు ఒక ఆంపియరు చాలు, సెల్ఫ్‌కు దానికి నూటయాభై రెట్లు కావాలి. 1912లో కాడిలాక్ కార్లలో చార్లెస్ కెటరింగ్ రూపొందించిన సెల్ఫ్ స్టార్టరు రాకముందు ఇంజను ముందు నిలబడి చేత్తో హ్యాండిల్ తిప్పేవారు. ఆ చేతి బలమంతా ఇప్పుడు బ్యాటరీ ఇవ్వాలి.

ఇక లెక్క వేద్దాం

పరికరం వాట్లను 12తో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. ఆంపియర్లను గంటలతో గుణిస్తే ఆంపియర్-గంటలు. అంతే. బ్యాటరీ మీద ఆంపియర్-గంటల అంకె అచ్చువేసి ఉంటుంది. పాతరకం లైటు బల్బుకు ఇనుప టోపీమీద వాట్లు చెక్కి ఉంటాయి. ఈ రెండూ ఉంటే ఎవరైనా లెక్క వేయవచ్చు.

బాబాయిగారి ఉదయాన్ని ఆయన చెప్పిన ప్రకారం నేను ఇలా లెక్కించాను. అంకెలు చుట్టుముట్టుగా వేసినవి. కారును బట్టి కొంత మారతాయి.

పైకప్పు లైటు 10 వాట్లు, డిక్కీ లైటు 5 వాట్లు. కలిపి 15 వాట్లు, అంటే ఒకటింబావు ఆంపియరు. నాలుగు గంటలకు 5 ఆంపియర్-గంటలు. పాటలకు మామూలు ధ్వనితో ఒక ఆంపియరు చొప్పున నాలుగు గంటలకు 4. అద్దాలు దించడానికి తాళం ‘ఆన్’ దాకా తిప్పి గంటసేపు అలాగే వదిలేశారు. ఇంజను ఆగి ఉన్నా దాని కంప్యూటరు, ముందు పలకలోని దీపాలు మేలుకునే ఉంటాయి, గంటకు 3. బ్లోయరు పూర్తి వేగంలో 10 ఆంపియర్లు, అరగంటకు 5. మనవడు సిగరెట్ లైటరు సాకెట్లో చిన్న వాక్యూమ్ క్లీనరు పెట్టి పావుగంట తిప్పాడు. 100 వాట్ల యంత్రం, సుమారు 8 ఆంపియర్లు, పావుగంటకు 2.

మొత్తం 19 ఆంపియర్-గంటలు.

ఇందులో లైట్ల వాటా 5. అంటే అందరూ తిట్టే లోపలి లైటు నాలుగింట ఒక వంతు దోషి మాత్రమే. మిగిలిన మూడు వంతులకు పాటలు, తాళం, బ్లోయరు, వాక్యూమ్ క్లీనరు కారణం. "తలుపు తెరిస్తే లైటు వెలుగుతుంది జాగ్రత్త" అని మాత్రమే హెచ్చరించే వ్యాసం అసలు దొంగను వదిలి, కాపలావాడిని పట్టుకున్నట్టు.

ఇక రెండో పక్క చూడండి. బ్యాటరీమీద 35 అని ఉంది. అది కొత్తలో, 20 గంటలపాటు నెమ్మదిగా వాడుకుంటే వచ్చే అంకె. త్వరగా లాగితే అంత రాదని 1897లోనే జర్మన్ శాస్త్రవేత్త పాయికర్ట్ సూత్రీకరించాడు. పైగా బాబాయిగారి బ్యాటరీకి నాలుగేళ్లు నిండాయి. ఉష్ణోగ్రత ప్రతి 10 డిగ్రీల సెల్సియస్ పెరిగితే బ్యాటరీ ఆయువు దాదాపు సగమవుతుందని స్థూలంగా చెబుతారు; పుదుచ్చేరి వేసవిలో బోనెట్ కింద వేడి ఎంతుంటుందో మీరు ఊహించుకోవచ్చు. దాని సామర్థ్యం 22కు పడిపోయిందనుకుందాం. కూరగాయల మార్కెట్టుకూ గుడికీ తప్ప కారు బయటికి రాదు. రెండు మూడు కిలోమీటర్ల ప్రయాణాల్లో బ్యాటరీ పూర్తిగా నిండదు. ఐదింట నాలుగు వంతులే నిండిందనుకుంటే చేతిలో ఉన్నది 17.6. ఖర్చు 19.

జవాబు వచ్చేసింది. కేవలం లైట్లే వెలిగి ఉంటే 12కు పైగా మిగిలేది. కారు బహుశా లేచేది. అదే పని సరికొత్త బ్యాటరీతో చేసి ఉంటే 16 మిగిలేది, లేస్తే లేచేది. కాబట్టి "ఎక్కువసేపు" అన్నది గడియారంలో లేదు. వాట్లు, గంటలు, బ్యాటరీ వయసు, ఈ మూడింటి లెక్కలో ఉంది.

చిట్కాల పరీక్ష

ఇప్పుడు వాడుకలో ఉన్న చిట్కాల్ని ఒక్కొక్కటే ఈ లెక్కముందు నిలబెడదాం.

"మధ్యమధ్య ఐదు నిమిషాలు ఇంజను ఆడించండి, సరిపోతుంది." సరిపోదు. నిలబడిన ఇంజను నెమ్మదిగా తిరుగుతుంది. బ్యాటరీలోకి 10 ఆంపియర్లు వెళ్లినా ఐదు నిమిషాలకు చేరేది 0.8 ఆంపియర్-గంట. పోయింది 19. ఈ చిట్కాలో అంతకన్నా పెద్ద ప్రమాదం ఉంది. మూసిన షెడ్డులో ఇంజను ఆడితే కార్బన్ మోనాక్సైడు నిండుతుంది. దానికి రంగు, వాసన ఉండవు. రక్తంలోని హిమోగ్లోబిన్‌తో ఆక్సిజన్ కన్నా రెండువందల రెట్లకు పైగా గట్టిగా బంధం వేసుకుంటుంది. బ్యాటరీని కాపాడబోయి ప్రాణం పోగొట్టుకోమని చెప్పే చిట్కా ఇది. దీన్ని ముద్రించేవారు ‘ఆరుబయట మాత్రమే’ అన్న రెండు మాటలైనా చేర్చకపోవడం క్షమించరానిది.

"బ్యాటరీ తీగ విప్పేయండి." లెక్క ప్రకారం ఇది నిక్కచ్చి పద్ధతి. ఖర్చు సున్నా. కాని ముందు ఋణధ్రువం తీగే విప్పాలి. కారు ఇనుప శరీరమంతా ఋణధ్రువానికి కలిసి ఉంటుంది. ముందు ధనధ్రువం విప్పబోతే స్పానరు పొరపాటున శరీరానికి తగిలి నిప్పులు కురుస్తాయి. బిగించేటప్పుడు వరుస తిరగబడాలి, ఋణధ్రువం చివర. అయితే తీగ విప్పితే గడియారం, రేడియో జ్ఞాపకాలు, కొన్ని కార్లలో అద్దాలు వాటంతటవి లేచే ఏర్పాటు చెరిగిపోతాయి. మళ్లీ కలిపినప్పుడు తలుపులు లాక్ పడే అవకాశం ఉంది కనుక తాళం జేబులో ఉండాలి. ఏడాదికొకసారి రోజంతా సాగే పనికి ఇది తగును. ప్రతి ఆదివారం తుడవడానికి ఇంత అవసరం లేదు.

"తలుపు కొక్కేన్ని స్క్రూడ్రైవరుతో తిప్పి మూసేయండి, తలుపు మూసినట్టే అనుకుని లైటు ఆరిపోతుంది." చాలా కార్లలో ఇది పనిచేస్తుంది. కాని పని అయ్యాక ఆ సంగతి మరచి తలుపు వేస్తే మూసి ఉన్న కొక్కెం వచ్చి గడియకు ఢీకొంటుంది. పిల్లలున్న ఇంట్లో ఇది నేను చెప్పను. లైటు దగ్గరే ‘ఆఫ్’ స్విచ్ ఉండగా కొక్కేనికి పని చెప్పడం దేనికి?

"ఫ్యూజు తీసేయండి." ఏ ఫ్యూజో తెలిస్తే మంచిదే. లోపలి లైటు ఫ్యూజుమీదే గడియారం, లాకులు కూడా ఆధారపడిన కార్లున్నాయి. పెట్టె మూతమీది బొమ్మ చదవకుండా చేయి పెట్టవద్దు.

"ఇప్పుడన్నీ ఎల్.ఇ.డి. లైట్లు, భయం లేదు." సగం నిజం. 10 వాట్ల బల్బు స్థానంలో ఒకటి రెండు వాట్ల ఎల్.ఇ.డి. వస్తే నాలుగు గంటల ఖర్చు ఒక ఆంపియర్-గంట లోపే. చాలా కొత్త కార్లలో కొన్ని నిమిషాల తరువాత లోపలి లైట్లు వాటంతటవే ఆరిపోతాయి కూడా. కాని దొంగ వేషం మార్చాడు. కొత్త కారులో తలుపు తీయగానే అరడజను చిన్న కంప్యూటర్లు నిద్రలేస్తాయి, తెర వెలుగుతుంది. తలుపు వేసి మళ్లీ తీసిన ప్రతిసారీ వాటి గడియారం మొదటినుంచి మొదలవుతుంది. పిల్లలు గంటలో ఇరవైసార్లు తలుపు తీస్తే అవి గంటంతా మేలుకునే ఉంటాయి. తాళం దగ్గరుంటే దానంతట అది గుర్తుపట్టే కార్లలో, తాళం జేబులో పెట్టుకుని తుడుస్తున్నంతసేపూ కొన్ని కంప్యూటర్లు పడుకోవు. తాళం ఇంట్లో, కారుకు దూరంగా ఉంచడం మేలు.

విద్యుత్ కారు కొన్నవారు "మాకీ బాధ లేదు" అనుకుంటారు. ఉంది. వాటిలోనూ పెద్ద బ్యాటరీతోపాటు చిన్న 12 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. కంప్యూటర్లకూ, పెద్ద బ్యాటరీని మోటారుతో కలిపే స్విచ్‌లకూ విద్యుత్తు ఇచ్చేది అదే. చిన్నది పడుకుంటే పెద్దది నిండుగా ఉన్నా కారు కదలదు. ఏనుగు ఉన్నా అంకుశం పోయినట్టు!

నేనైతే ఇలా రాస్తాను

విమర్శించడం తేలిక, రాసి చూపమంటారు. వాహన పుస్తకంలో, శుభ్రం చేసే అధ్యాయం మొదట్లో, ఆ ఒక్క వాక్యం స్థానంలో నేను ఇది పెడతాను:

"పని మొదలుపెట్టే ముందు అద్దాలు దించి, తాళం పూర్తిగా తీసి ఇంట్లో పెట్టండి. పైకప్పు లైటు స్విచ్ ‘ఆఫ్’లో ఉంచండి; పగటి వెలుతురు చాలు. డిక్కీ పని ఆఖరున చేసి వెంటనే మూసేయండి. పాటలు వినాలంటే ఇంట్లోని రేడియో వాడండి. వాక్యూమ్ క్లీనరుకు ఇంటి కరెంటు వాడండి. కార్పెట్టు ఎండలో, గాలిలో ఆరాలి, బ్లోయరుతో కాదు. ఇంజను ఆపి ఉన్నప్పుడు మీరు వాడే మొత్తం, బ్యాటరీమీద ఉన్న ఆంపియర్-గంటల్లో పదో వంతు దాటకూడదు. 35 ఆంపియర్-గంటల బ్యాటరీకి అది మూడున్నర: అంటే 10 వాట్ల లైటు ఒక్కటే అయితే సుమారు నాలుగు గంటలు, బ్లోయరు అయితే ఇరవై నిమిషాలు. బ్యాటరీకి మూడేళ్లు నిండితే ఇందులో సగమే మీ హద్దు. సీట్ల కింద పసుపురంగు తీగల జోడింపులు కనిపిస్తే తాకవద్దు, తడపవద్దు. అవి గాలిసంచులకు చెందినవి. పని అయ్యాక తలుపులన్నీ మూసి, ఒకసారి ఇంజను లేపి చూడండి. లేవకపోతే ఆ సంగతి పగలే తెలుస్తుంది."

పదో వంతు అన్నది ప్రకృతి సూత్రం కాదు, జాగ్రత్తపరుడి హద్దు. రోడ్డుమీద వేగ పరిమితి లాంటిది. కాని అది పాఠకుడి చేతికి ఒక కొలబద్ద ఇస్తుంది. పుస్తకం వచనంలో పన్నెండు వాక్యాలు పెరిగాయి నిజమే. ఆఖరు వాక్యం ఒక్కటి ఉన్నా ఆ రాత్రి పిన్నిగారికి ఇరవై నిమిషాలు మిగిలేవి.

పడుకున్న బ్యాటరీని అలా వదిలేస్తే...

ఇంత చెప్పినా ఒకనాడు బ్యాటరీ పడుకుంటుంది. అప్పుడు ఇంకో కారునుంచి తీగలు వేసి లేపుతారు. ఇక్కడా కారణం చెప్పని ఒక వాక్యం ఉంది: "ఆఖరి తీగను బ్యాటరీకి కాక, ఇంజను ఇనుపభాగానికి తగిలించండి." ఎందుకు? బ్యాటరీనుంచి హైడ్రోజన్ వాయువు వస్తుంది. గాలిలో అది నూటికి 4 పాళ్లు ఉంటే చాలు, నిప్పురవ్వకు పేలుతుంది. ఆఖరి తీగ తగిలించేటప్పుడే నిప్పురవ్వ వస్తుంది కనుక, ఆ రవ్వ బ్యాటరీకి దూరంగా రావాలి. కారణం తెలిసినవాడు ఈ నియమాన్ని ఎన్నడూ మరచిపోడు.

ఇంజను లేచింది కదా అని ఊరుకోవద్దు. 19 ఆంపియర్-గంటలు తిరిగి నిండాలంటే చిన్న ప్రయాణం చాలదు. ఛార్జరుతో ఒక రాత్రంతా పెట్టించడం మంచిది. దిగిపోయిన బ్యాటరీని రోజుల తరబడి అలాగే వదిలేస్తే పలకలమీద ఏర్పడిన సీసపు సల్ఫేటు గట్టి స్ఫటికాలుగా మారుతుంది. అవి తిరిగి కరగవు. ఒక్క ఉదయపు నిర్లక్ష్యం బ్యాటరీ ఆయుష్షులో ఏడాది కోసేయగలదు.

ఆ తరువాత బ్యాటరీ ఎక్కడికి పోతుందో కూడా మనం ఆలోచించాలి. దాని బరువులో సగానికి పైగా సీసమే. పద్ధతిగా కరిగిస్తే ఆ సీసం దాదాపు అంతా మళ్లీ కొత్త బ్యాటరీ అవుతుంది. పెరట్లో, సందుల్లో పొయ్యిపెట్టి కరిగిస్తే ఆ పొగ, ఆ దుమ్ము చుట్టుపక్కల పిల్లల రక్తంలో చేరుతుంది. పిల్లల రక్తంలో ఇంతవరకు ఉంటే ఫరవాలేదని చెప్పగల సీసపు మోతాదు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. 2001లో వచ్చిన బ్యాటరీల నిబంధనల స్థానంలో కేంద్ర ప్రభుత్వం 2022లో కొత్త నిబంధనలు తెచ్చి, వాడిన బ్యాటరీలను తిరిగి సేకరించే బాధ్యత ఉత్పత్తిదారులమీద పెట్టింది. పాతది దుకాణంలోనే ఇచ్చి కొత్తది తీసుకోవడం మన వంతు. దానికన్నా ముందు మనం చేయగలిగిన పని ఒకటి ఉంది. నాలుగేళ్లు పనిచేయవలసిన బ్యాటరీని రెండేళ్లకే చంపకుండా ఉండడం.

బాబాయిగారికి ఈ లెక్కంతా ఒక కాగితం మీద రాసి ఇచ్చాను. ఆయన కళ్లజోడు సవరించుకుని రెండుసార్లు చదివి, "ఇంతేనా? ఈ మాత్రం గుణకారం నాకూ వచ్చు కదయ్యా. ఆ పుస్తకంలో రాస్తే వాళ్ల సొమ్మేం పోయింది?" అన్నారు.

పాఠకుడికి గుణకారం రాదని అనుకోవడం వల్లే మన హెచ్చరికలు హెచ్చరికలుగా మిగిలిపోతున్నాయి. మీ ఇంట్లో కారు ఉంటే ఈసారి కడిగే ముందు బోనెట్ ఎత్తి, బ్యాటరీమీది ఆంపియర్-గంటల అంకె ఒకసారి చదవండి. దాన్ని పదితో భాగించి, వచ్చిన అంకెను డిక్కీ మూత లోపల ఒక చీటీమీద రాసి అంటించండి. ‘ఎక్కువసేపు’ అంటే ఎంతసేపో మీ కారుకు మీరే రాసుకున్న నిర్వచనం అది.